మడ్డి తీయాలా, ఉంచాలా

మంచిర్యాలలో బట్టల దుకాణం నడిపే జగపతిరావు పొద్దున్నే చాయ్ గ్లాసుతో చేపల తొట్టి ముందు కూర్చుంటాడు. ఉప్పునీళ్లలో తిరిగే రెండు నారింజరంగు చేపలూ, అడుగున పరిచిన సముద్రపు ఇసుకా ఆయన మద్రాసు నుంచి రైల్లో తెచ్చుకున్నవే. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి ఇసుకలో పేరుకున్న నల్లటి మడ్డిని చూస్తాడు. ట్యూబు నీళ్లలోకి దించి, మళ్లీ పైకి తీస్తాడు. చేపలమ్మినతను ఆ మడ్డిని ట్యూబుతో లాగేయమన్నాడు. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే బావమరిది మాత్రం, "ఇసుకల కంటికి కనబడని పురుగులుంటయి. నీళ్లను కాపాడేటివి గవే. ముట్టకు బావా" అన్నాడు. చేపలకు మేత వేయనిదే తాను ముద్ద ముట్టని భార్య రుక్మాబాయి ఒకనాడు విసిగి, "ఏదన్న ఒకటి చెయ్యుండ్రి" అంది. ఆయన సగం ఇసుకను శుభ్రం చేసి, సగం వదిలేశాడు. మర్నాడు ఒక చేప చచ్చి తేలింది.

"తీసినందుకు సచ్చిందా, ఉంచినందుకు సచ్చిందా?" అన్నాడు జగపతిరావు.

రుక్మాబాయి కొంగుతో కళ్లు తుడుచుకుంది. "సచ్చినదాని సంగతి ఇడిచిపెట్టుండ్రి. గిది బతకాలంటే ఏం జెయ్యాల్నో చెప్పుండ్రి."

ఆయన మేత డబ్బా మూత తీసి ఆమె చేతిలో పెట్టాడు.