పోలికకు దొరికిన డ్రైవరు

దారమక్క అసలు పేరు చెప్పమంటే ఆమె భర్త కూడా కాస్త తడుముకుంటాడు. ఆ వీధి ఆడవాళ్ళ కనుబొమలన్నీ ఆమె దారం కిందనుంచి వచ్చినవే కాబట్టి ఆ పేరే ఖాయమైపోయింది. దారం ఒక కొస పళ్ళ మధ్య పట్టి, మిగిలింది రెండు చేతుల వేళ్ళకి బిగించి, ఒక్కో వెంట్రుకనీ ఏరి లాగేస్తుంది. ఈ పనిలో కంటితో చూసేది తక్కువ, వేలితో తెలుసుకునేది ఎక్కువ. దారం ఏ వెంట్రుకను పట్టిందో, ఏది జారిపోయిందో ముందు వేలి కొసకే తెలుస్తుంది.

ఆమెకి ఒక పద్ధతి ఉంది. ముందు ఒక కనుబొమ పూర్తిచేసి, అద్దం చేతికిచ్చి, పోల్చి చూసుకోమంటుంది. చేసినదాన్నీ చెయ్యనిదాన్నీ చూసుకుని బాగుందంటేనే రెండోది మొదలు. తొందర ఉన్నవాళ్ళు వేరే పార్లర్ చూసుకోవచ్చు. ఈ పద్ధతి షాపు గుమ్మం దగ్గర ఆగి ఉంటే ఎవరికీ ఇబ్బంది లేకపోయేది. అది ఇంట్లోకి కూడా వచ్చి కూర్చుంది. గోడకి రంగు వేయించాలంటే సగం గోడకి వేయించి వారం రోజులు చూస్తుంది. చెప్పులు కొనబోతే ఒక కాలికి ఒక రకం, రెండో కాలికి ఇంకో రకం తొడుక్కుని షాపంతా తిరుగుతుంది. పెళ్ళికి ముందు కూడా, అబ్బాయి నచ్చాడు గానీ ఇంకొకర్ని చూస్తే గాని ఎంత నచ్చాడో తెలియదని మెలిక పెట్టింది. లిఫ్టు మెకానిక్కయిన ఆ అబ్బాయికి ఇప్పుడు జుట్టు నెరిసింది గానీ, ఆ రెండోవాడెవడో అన్న అనుమానం మాత్రం నెరవలేదు. అలాంటివాడు దొరకనే లేదని ఆమె ఎంత చెప్పినా నమ్మడు.

అలాంటి మనిషికి పెద్దపేగులో కేన్సర్ వచ్చింది. ఆపరేషన్ చేసి ఆ ముక్క తీసేశారు. కుట్లు మానాయి. ఇక షాపు ఎప్పుడు తెరవచ్చో అడుగుదామని వెళితే డాక్టరమ్మ కూర్చోమంది. జబ్బు పక్కనున్న గ్రంథుల్లో కొన్నిటికి పాకిందట. కంటికి కనపడకుండా ఎక్కడైనా కాస్త మిగిలి ఉంటే దాని పని కూడా పట్టడానికి కీమో ఇవ్వాలట. అందులో రెండు దారులున్నాయని చెప్పింది. ఒకటి, ఇంట్లోనే బిళ్ళలు మింగడం, ఆరు నెలలు. రెండోది, అవే బిళ్ళలతో పాటు మూడు వారాలకోసారి ఆసుపత్రికొచ్చి డ్రిప్పు ఎక్కించుకోవడం. ఆమె పరిస్థితికి అది మూడు నెలలు చాలు. డ్రిప్పు కలిపితే జబ్బు తిరిగిరానివాళ్ళు నూటికి ఇంకో కొద్దిమంది పెరుగుతారు. కానీ దానివల్ల వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, చల్లటి వస్తువు ముట్టుకుంటే సూదులు గుచ్చినట్టుంటుంది, కొందరికి ఆ తిమ్మిరి ఎప్పటికీ వదలదు. బిళ్ళలకి అరచేతులు ఎర్రబడి పొట్టు ఊడొచ్చు గానీ, ఆపేశాక మెల్లగా మామూలవుతాయి. రెండూ తప్పు కాదని, ఆలోచించుకుని శుక్రవారం చెప్పమని అంది.

వేళ్ళు పోతే షాపు లేదు. డ్రిప్పు వద్దనుకుని, ఆ కొద్దిమందిలో తనూ ఒకతైతే, అసలు తనే లేదు. దారమక్కకి ఏడుపు వచ్చేదే గానీ, ఎదురుగా డాక్టరమ్మ కనుబొమలు అడ్డం వచ్చాయి. అవి పుట్టినప్పటినుంచి దారం ముఖం చూసినట్టు లేవు, ఎటుబడితే అటు పెరిగి ఉన్నాయి. వాటిని చూస్తుంటే చేతులు వాటంతటవే బిగుసుకున్నాయి, బుర్ర పనిచెయ్యడం మొదలుపెట్టింది.

"ఎడమవైపుకి డ్రిప్పు ఇవ్వండి. కుడివైపుకి బిళ్ళలు చాలు. నెల్లాళ్ళు చూసి, ఏది బాగుంటే రెండోవైపుకి కూడా అదే ఇద్దురుగాని," అంది.

డాక్టరమ్మ నవ్వలేదు. రక్తం ఎడమా కుడీ చూసుకోదని, ఎక్కడ ఎక్కించినా ఒళ్ళంతా తిరుగుతుందని ఓపిగ్గా చెప్పింది. మరి ఏది పనిచేసిందో తనకెలా తెలుస్తుందని దారమక్క నిలదీసింది.

"చాలామందికి ఇదీ, చాలామందికి అదీ ఇచ్చి చూశారు కాబట్టే ఈ మాత్రం చెప్పగలుగుతున్నామమ్మా. మీ ఒక్కరి విషయంలో మాత్రం అది ఎప్పటికీ తెలియదు."

ఇంత చదువు చదివి అద్దం చూపించడం చేతకాదేమిటని దారమక్క మనసులో విసుక్కుంది.

ఇంట్లో సలహాలకి కొదవలేదు. లిఫ్టుని మొయ్యడానికి ఒక్క తాడు చాలని, అయినా ఇంకా రెండు మూడు ఎందుకు వేస్తారో తెలుసా అని భర్త మొదలుపెట్టాడు. కాబట్టి డ్రిప్పూ ఉండాలి, బిళ్ళలూ ఉండాలి. షాపులో తలలకి రంగు వేసే ఆడపడుచు అయితే, చెవి వెనకాల కొంచెం డ్రిప్పు రాసి ఒకరోజు చూడమని ఎందుకు అడగలేదు వదినా అని తప్పుపట్టింది. దారమక్క షాపు తెరిచి కస్టమర్లను అడిగింది. కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, నుదుటి చర్మం తామే లాగి పట్టుకుని ఆ ఆడవాళ్ళు తీర్పులు చెప్పారు. ఒక కనుబొమ దగ్గర బిళ్ళలన్నవాళ్ళు రెండోదానికి వచ్చేసరికి డ్రిప్పనేవాళ్ళు. ఒక స్కూలు టీచరు, వేళ్ళ కోసం ప్రాణం పోగొట్టుకుంటావా అని కేకలేసింది. ఆ వేళ్ళతోనే కదా నీ ముఖం బాగుపడిందని దారమక్కకి ఒళ్ళు మండింది. మాట మాట పెరిగి ఆవిడ ఒక్క కనుబొమతోనే లేచి వెళ్ళిపోయింది, వారం రోజులు జుట్టు ముందుకు దువ్వుకుని బడికి పోయిందట.

శుక్రవారం నాటికి దారమక్క ఏ దారికీ రాలేదు. ఆసుపత్రి హాల్లో ఆమె పక్కన ఒక సిటీ బస్సు డ్రైవరు కూర్చున్నాడు. మాట కలిస్తే తెలిసింది, అతనిదీ అదే పేగు, అదే ఆపరేషన్, అదే డాక్టరమ్మ. వయసు కూడా అటూఇటుగా ఒకటే. ఆమె అన్నయ్యా అంది, అతను అక్కా అన్నాడు, ఇద్దరూ ఎదుటివాళ్ళనే పెద్ద చేసి సరిపెట్టుకున్నారు. అతను డ్రిప్పుకి ఒప్పుకున్నాడు, ఆ రోజే మొదలు. ఎందుకు ఒప్పుకున్నారని అడిగితే, వాళ్ళు ముందు డ్రిప్పు మాట చెప్పారు, సరేనన్నాను అన్నాడు.

దారమక్క అతన్ని కిందనుంచి పైదాకా చూసింది. ఇన్నాళ్ళకి రెండోవైపు దొరికింది. లోపలికి వెళ్ళి, తనకి బిళ్ళలు చాలని చెప్పేసింది. ఇద్దరూ ఒకటే తీసుకుంటే ఇక పోల్చేదేముంది? ప్రాణానికి సంబంధించిన నిర్ణయం ఆమె అలా తీసుకుంది. డాక్టరమ్మ మాత్రం, ఆమె తన పనిని దృష్టిలో పెట్టుకుని చక్కగా ఆలోచించుకుందని మెచ్చుకుంది.

అప్పటినుంచి మూడు వారాలకోసారి, మందుల షాపు ముందున్న సిమెంటు బెంచీ మీద ఇద్దరూ చేతులు చాపి కూర్చునేవారు. దారమక్క అరచేతులు ఎర్రబడి, ఆ తర్వాత పొట్టు ఊడసాగాయి. వేలి గీతలు అరిగిపోయి, ఆమె ఫోను ఆమెనే గుర్తుపట్టడం మానేసింది. భర్త వేలిముద్ర కూడా ఎక్కించాల్సి వచ్చింది, ఆయన ఆ అవకాశాన్ని వదులుకోకుండా ఫోనంతా గాలించి, అందులో డ్రైవరు నంబరు పట్టుకున్నాడు. ఎవరితను అంటే, నా రెండో కనుబొమ అని చెప్పింది. ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. ఇన్నేళ్ళకి ఆ రెండోవాడు బయటపడ్డాడని ఆయన బాధ.

డ్రైవరు ఎండలో కూడా ఉన్ని గ్లౌజులు వేసుకొచ్చేవాడు. తాళంచెవి ముట్టుకుంటే షాకు కొట్టినట్టుంటుందని, ఫ్రిజ్ తలుపు తియ్యాలంటే భార్యను పిలుస్తున్నానని, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నానని చెప్పేవాడు. దారమక్క అయ్యో అనేది, జాగ్రత్తలు చెప్పేది. ఇంటికెళ్ళాక మాత్రం ఆమెకి ఆకలి బాగా వేసేది. చేతులు మండుతున్నా వేళ్ళకి స్పర్శ ఉంది, దారం ఆడుతోంది. తను ఎంచుకున్నదే మంచిదని అతని గ్లౌజులు చూసి నమ్మేది. వేళ్ళ సంగతి తేలింది, ఇక తేలవలసింది ఒకటే. ఒకరోజు ఖాళీ కుర్చీ పక్కన నిలబడి దారం చుట్టుకుంటుండగా ఆమెకి ఒక ఆలోచన వచ్చింది. తను పూర్తిగా ఒప్పు అని తేలాలంటే, జబ్బు ఆ డ్రైవరుకి తిరిగి రావాలి. వస్తే బాగుండుననుకుంది. అనుకున్న వెంటనే దారం తెంపేసి, ఎవరో విన్నట్టు చుట్టూ చూసింది.

సగం కోర్సు అయ్యేనాటికి ఎండలు ముదిరాయి. ఆ మధ్యాహ్నం దారమక్క రెండు కూల్‌డ్రింకులు కొంది, తనకి ఫ్రిజ్‌లోది, అతనికి బయట అట్టపెట్టెలోది. బ్యాగు సర్దుకుంటూ పొరపాటున మార్చి ఇచ్చింది. డ్రైవరు గ్లౌజులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు, మంచు పట్టిన సీసాని రెండు చేతులతో పట్టుకుని గటగటా తాగేశాడు, తాగి హమ్మయ్య అన్నాడు. అప్పుడు ఆమె ముఖం చూశాడు.

ఇవాళ పొద్దున్నే కదా నాలుగో డ్రిప్పు అయిందన్నారని దారమక్క అడిగింది. అతను సీసా మూత కోసం బెంచీ కింద వెతికి, చివరికి చెప్పాడు. రెండో డ్రిప్పుతోనే ఆపేశారట. చేతిలో స్టీరింగు ఉందో లేదో తెలియకుండా పోయింది, వెనకాల బస్సు నిండా జనం. డాక్టరమ్మే డ్రిప్పు మాన్పించి, ఆరు నెలలూ బిళ్ళలే వేసుకోమంది. తిమ్మిరి కూడా చాలావరకు తగ్గిపోయింది. గ్లౌజులు వాళ్ళావిడవి.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నా వేళ్ళు బాగాలేవంటే మీరు హాయిగా ఇంటికి వెళ్ళేవాళ్ళక్కా. బాగున్నాయని ఎలా చెప్పను?"

దారమక్క లేచి, టోకెను కూడా తీసుకోకుండా డాక్టరమ్మ గదిలోకి వెళ్ళిపోయింది. అవతలివైపు ఎవరూ లేరని, తనకి ఇప్పుడే డ్రిప్పు పెట్టమని పట్టుబట్టింది. ఏ అవతలివైపో డాక్టరమ్మకి అర్థంకావడానికి కొంచెంసేపు పట్టింది. అంతా విని, చికిత్స బాగానే సాగుతోందని, మార్చాల్సిన అవసరం లేదని, అవతల ఎవరున్నా లేకపోయినా పూర్తిచెయ్యమని చెప్పింది.

"రేపు తిరిగొస్తే? నేను బిళ్ళలు ఎంచుకున్నందుకే వచ్చినట్టా?"

"చెప్పలేనమ్మా. రాకపోతే బిళ్ళల వల్లేనని కూడా చెప్పలేను. ఆపరేషన్‌తోనే మొత్తం పోయి ఉండొచ్చు."

అంటే ఇంత పొట్టూడిన చేతులూ ఊరికే కావచ్చు, లేదా ఇవే ఆమెను బతికిస్తూ ఉండొచ్చు. అది చూపించే అద్దం ఎక్కడా తయారుకాలేదు. దారమక్క బయటికి వచ్చింది. మొదటిసారి ఆమెకి నిజంగా భయమేసింది. జబ్బు బయటపడిన రోజు కూడా ఇంత ఒంటరిగా అనిపించలేదు.

డ్రైవరు ఇంకా బెంచీ మీదే ఉన్నాడు. పనిలేని గ్లౌజులు మడతపెడుతున్నాడు. ఆమె పక్కన కూర్చుని, లోపల దాచుకున్నది కక్కేసింది.

"మీకు మళ్ళీ రావాలని ఒకసారి కోరుకున్నాను అన్నయ్యా."

అతనికి కోపం రాలేదు. తలూపాడు. "నేనూ అనుకున్నానక్కా, డ్రిప్పు పెట్టించుకున్నన్నాళ్ళూ. మీకొస్తే నా తిమ్మిరికి ఒక అర్థం ఉంటుంది కదా అని. బిళ్ళల్లోకి మారినప్పటినుంచి మాత్రం మీకు రాకూడదని రోజూ దండం పెట్టుకుంటున్నాను. బిళ్ళ వేసుకునే ముందు, రెండు పూటలా."

దారమక్క అతని వైపు తిరిగింది. "మీకు చెడు కోరుకున్నదాని కోసమా?"

"నాకోసమేనక్కా," అన్నాడు డ్రైవరు, దాచకుండా. "మీకు రాకపోతే నాకూ రాదు కదా."

ఆమె నవ్వబోయి ఏడ్చింది, ఏడవబోయి నవ్వింది, మందుల షాపువాడు కిటికీలోంచి తొంగిచూశాడు. దండం మానవద్దని అతనికి గట్టిగా చెప్పి ఇంటికి వచ్చింది. ఆ సాయంత్రం భోజనం చేసి, అరచేతిలో బిళ్ళలు పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ముందు డ్రైవరు కోసం అడిగింది, ఆ తర్వాతే తనకోసం. అందులో ఉన్నది స్వార్థమేనని ఆమెకి బాగా తెలుసు. అయినా, బిళ్ళలు మింగి నీళ్ళ గ్లాసు దించేసరికి, తనకోసం అడిగిన మాట ఆమెకి గుర్తులేదు.