బాలవ్వ మత్తడి

పక్కింటి మేడ మీద నీళ్ల ట్యాంకు నిండి గోడ వెంట దబదబా పడుతుంటే మా ఇంట్లో అందరికీ చికాకు. "మోటారు బందు చేయుండ్రి" అని మనవరాలు కిటికీలోంచి కేకేస్తుంది. నాకు మాత్రం ఆ చప్పుడు వినగానే ప్రాణం లేచొస్తుంది. నిండింది పొర్లుతోంది, ఇక భయం లేదనిపిస్తుంది. ఈ పిచ్చి నాకు అంటించింది బాలవ్వ. ఊరు దాటి పేరు పోయిన మనిషి కాదు కాబట్టి ఆమె ఎవరో మీకు తెలిసే వీలు లేదు. చెరువు కట్ట కింద మా గోడకు ఆనుకున్న ఇల్లు ఆమెది.

నైజాం రోజులు పోయి, రాష్ట్రానికి ఆంధ్రప్రదేశ్ అని కొత్త పేరు వచ్చిన కొన్నాళ్లకు నేను ఆ ఊరికి కోడలిగా వెళ్లాను. మంచిర్యాల దగ్గర నస్పూర్ అవతల, గుట్టల వరుస కింద చిన్న ఊరు. గుట్టల మీద పడ్డ వాన వాగై దిగి మా చెరువులో చేరుతుంది. చెరువు నిండాక మిగిలిన నీళ్లు బయటికి పోవడానికి కట్ట చివర రాతితో కట్టిన మత్తడి ఉండేది. నీళ్లు పొర్లి మత్తడి దుంకిందంటే ఊరంతా చూడటానికి పోయేది. కట్టకు ఇవతల మా వరి మళ్లు, మా వాడ. అవతల, చెరువు నీటి అంచున ఉండే శిఖం భూమిలో, మత్తడి మట్టానికి కాస్త పైన బాలవ్వ చేను. వరసకు మా ఆయనకు చిన్నమ్మ, నాకు అత్త. మొగుడు లేడు, పిల్లలు లేరు. నోరు మాత్రం దండిగా ఉంది.

వెళ్లిన కొత్తలో వంటకట్టెల కోసం కొడవలి పట్టుకుని వాగు ఒడ్డుకు పోయాను. చేతికందిన వావిలి పొదలు కొడుతుంటే బాలవ్వ వెనక నుంచి వచ్చి కొడవలి లాక్కుంది.

"ఎవలు చెప్పిండ్రు నీకు గీడ కొట్టుమని?"

"ఊకెనే ఉన్నయి గదా అత్తా."

"ఊకెనే లేవు. మన్నును పట్టుకొని ఉన్నయ్. గివి పోతే ఒడ్డు జారి, ఆ మన్నంత పోయి చెరువుల కూసుంటది. ఎండకాలం గంపలెత్తి పూడిక తీసుడెవలు? నువ్వే."

నాకు ఒళ్లు మండిపోయింది. అయితే పొద్దుగూకే వేళకు ఒక కందికట్టె మోపు తెచ్చి మా గడప ముందు పడేసి, పలకరించకుండానే పోయింది. ఆ మనిషి మీద ఇంకా కోపం పెట్టుకోవడం ఎట్లా? తర్వాత ఆమె వెంట గుట్ట అంచు దాకా తిరగడం అలవాటైంది. వాలు చేలల్లో నిలువుగా దున్నితే నీళ్లు ఉరికి మన్నును ఊడ్చుకుపోతాయనీ, అడ్డంగా దున్నితే చాళ్లలోనే ఇంకుతాయనీ, పైన ఇంకిన నీళ్లే ఎండాకాలం మన బావుల్లో ఊరతాయనీ నడుస్తూ చెప్పేది. చెరువు సంగతి తెలియాలంటే కట్ట మీద నిలబడితే చాలదు, పైకి పోవాలనేది.

అంతలో వరుసగా రెండేళ్లు వానలు ముఖం చాటేశాయి. మరుసటేడు చెరువు నిండవస్తుంటే మా వాళ్లకు ఆశ పుట్టింది. మత్తడి మీద రాళ్లు పేర్చి, సందుల్లో బంకమన్ను మెత్తి మూరెడు ఎత్తు పెంచారు. ఆ మూరెడు నీళ్లు ఆగితే వానాకాలం పంట తర్వాత యాసంగికి కూడా వరి పండుతుందని వాళ్ల ఆలోచన. ముందుండి చేయించింది మా ఆయన రాజయ్య. బాలవ్వ వచ్చి మత్తడి మీద కూర్చుంది.

"రాజిగా, నిండిన చెరువు దుంకాలె. దుంకనియ్యకుంటే కట్టను తెంపుకొని పోతది. కట్ట కింద ఉన్నయి మన ఇండ్లే."

"నీ జొన్న మునుగుతదని నీ బాధ చిన్నమ్మా. మాకు తెల్వదా?"

అందరూ నవ్వారు. ఆమె కొంగు దులుపుకుని లేచిపోయింది. ఇంట్లో నేను ఆ మాటే ఎత్తితే, "నువ్వు గూడ నన్ను పరేషాన్ చెయ్యకు" అన్నాడు. చెడ్డవాడు కాదు. రెండేళ్లు పిడికెడు గింజలకు తండ్లాడిన మనిషి, ఆయన ఆశ ఆయనది. నీళ్లు పెరిగాయి. కంకి వేసే వేళకు బాలవ్వ జొన్న మొదళ్లు నీట మునిగి, పైరంతా కుళ్లిపోయింది.

ఆ తర్వాత ఒక అంగడి రోజు మగవాళ్లంతా మంచిర్యాల పోయారు. మా ఊళ్లో చినుకు లేదు, ఎండ కాస్తోంది. నేను మా ఏడాది పిల్లను చంకనేసుకుని ఉండగా, బాలవ్వ భుజాన గడ్డపారతో మా వాకిట్లోకి వచ్చింది.

"గుట్టల మీద వాన దిగింది. వాగు ఎర్రగ వస్తుంది, కట్టెలు కొట్టుకొస్తున్నయ్. మీ అత్తకు పిల్లనిచ్చి మిట్ట మీదికి తోలు. నువ్వు నడువు."

వాడలోని ఆడవాళ్లమంతా మత్తడి దగ్గరికి ఉరికాం. నీళ్లు కట్ట అంచుకు జానెడు కిందున్నాయి. కట్ట కింది వైపు ఒకచోట మన్ను చెమర్చి సన్నగా కారుతోంది. దానికి ఎదురుగానే మా ఇల్లు.

"నడుమ కొట్టకుండ్రి, మనల్నే గుంజుకపోతది. ఒడ్డు దిక్కు నుంచి మీది వరుస తీయుండ్రి" అంటూ బాలవ్వ మొదటి రాయి తనే పెకిలించింది. మా ఆయన పేర్పించిన రాళ్లు నేను ఒక్కొక్కటీ తీస్తుంటే నీళ్లు మా మడమలు తడిపి, పిక్కలు పట్టి లాగసాగాయి. ఉండబట్టలేక అడిగేశాను.

"అత్తా, నీ చేను ముంచింది మావోళ్లే. మా మీద కోపం లేదా నీకు?"

"నాది మునిగిందని నీది మునగాల్నా?" అంది. తలెత్తలేదు, చేతిలో పని ఆపలేదు.

వాగు పూర్తిగా వచ్చేసరికి మత్తడి సాంతం తెరుచుకుంది. నీళ్లు దుంకుతున్న చప్పుడుకు ఒకరి మాట ఒకరికి వినబడలేదు. కట్ట మీద నీటిగీత పెరగడం ఆగింది, తర్వాత వేలెడు దిగింది. అది చూసి నేను బురదలోనే కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. అంత సుఖంగా నేను మళ్లీ ఎన్నడూ ఏడవలేదు.

మా ఆయన అంగడి నుంచి వచ్చి మత్తడి చూడగానే ముఖం మాడ్చుకున్నాడు. నేను ఆయనను కట్ట కింద చెమర్చిన చోటికి తీసుకుపోయాను. కింద కూర్చుని ఆయన చెయ్యి పెడితే మణికట్టు దాకా దిగబడింది. ఆయన కాసేపు ఇంటి వైపు, మిట్ట నుంచి తిరిగొచ్చి వాకిట్లో ఆడుతున్న పిల్ల వైపు చూశాడు. లేచి బాలవ్వ గడప ముందు నిలబడ్డాడు.

"చిన్నమ్మా, నీ జొన్న..."

"జొన్న సంగతి తర్వాత. అంగట్ల ఏమన్న తిన్నవా, లేదా?"

ఆయన అక్కడే కూర్చుని ఆమె పెట్టిన గట్క తిన్నాడు. చలికాలం నీళ్లు వెనక్కి తగ్గాక, ఆమె అడగకముందే మా నాగలి ఆ శిఖంలో దిగింది. ఆమె కోసం శనగలు వేశారు.

బాలవ్వ పోయి చాలా కాలమైంది. ఇప్పటికీ ఏదైనా పనికి ఎవరో ఒకరు అడ్డం పడి వద్దంటారు. అందులో ఆ మనిషికేం లాభమో అని చుట్టూ ఉన్నవాళ్లు లెక్కలు కడుతుంటారు. నేను లేచి, ఆ మనిషి ఏ ముప్పు చూసి వద్దంటోందో ఆ దిక్కు చూస్తాను.