తడిగుడ్డకు దిగని ఎరుపు

మా ఇంట్లో రంగు గురించి ఎవరికీ ఏ సందేహమూ ఉండేది కాదు. మా నాన్న పాండేసరాలో బట్టలకు రంగులేసే మిల్లులో, రంగులు కలిపే గదిలో పనిచేస్తాడు. ఆయన్ని మేం బాపు అంటాం. మగ్గాల మీంచి దిగిన తెల్లబట్ట ఆ మిల్లుకు వచ్చి, రంగేసుకుని బయటికి పోతుంది. పనికోసం గుజరాతీ నేలకు వలసొచ్చిన తెలుగువాళ్లం, బమ్రోలిలో మా గల్లీలో సగం మంది మగ్గాల మీద, సగం మంది రంగు మిల్లుల్లో బతికేవాళ్లే. రంగంటే ఎవరో ఒకరు వేస్తే వచ్చేదని ఉగ్గుపాలతో నేర్చుకున్నవాళ్లం. చేతికందిన ఉద్యోగాన్ని నేను ఆ నమ్మకంతోనే పోగొట్టుకున్నాను.

ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ అయిపోయింది. సోలార్ ప్యానెళ్లు చేసే ఒక ఫ్యాక్టరీలో సెల్స్ పరీక్షించే పనికి అమ్మాయిల్ని తీసుకుంటున్నారంటే వెళ్లాను. ఇంటర్వ్యూ చేసినావిడ ఇంజనీరు. బల్లమీద ఒక ఎల్ఈడీ పెట్టింది. పైనున్న ప్లాస్టిక్ బుడ్డి నీళ్లంత తేటగా ఉంది. ఇది ఏ రంగులో వెలుగుతుంది అని హిందీలో అడిగింది. ఇదీ ఒక ప్రశ్నేనా అనుకుని "తెల్లగా" అన్నాను. తీగలు తగిలించింది. ఎర్రగా వెలిగింది.

"ఎందుకు?" అంది.

"లోపల ఎర్ర రంగు వేసుంటారు."

"చూపించు."

కంటి దగ్గర పెట్టుకుని చూశాను. ఎక్కడా చుక్క ఎరుపు లేదు.  అప్పుడు పుస్తకం గుర్తొచ్చి వేలెన్స్ బ్యాండు, కండక్షన్ బ్యాండు, మధ్యలో బ్యాండ్ గ్యాప్ అంటూ గడగడా అప్పజెప్పాను. ఆవిడ చెయ్యెత్తి ఆపింది. "అది నాకూ కంఠతా వచ్చు. ఎరుపు ఎక్కడిదో చెప్పు" అంది. చెప్పలేకపోయాను. "వచ్చే బ్యాచికి మళ్లీ పిలుస్తాం. అర్థమైతేనే రా" అంది. కోపంగా అనలేదు, అదే ఎక్కువ మండింది.

ఇంట్లో అమ్మ చీరలకు మెరిసే రాళ్లు జిగురుతో అతికిస్తుంది. చీరల మూటలు తెచ్చిచ్చే గుజరాతీ ఆవిడ, నా చదువు అయిపోయినప్పటి నుంచీ నా వంతుకని ఇంకో మూట తెస్తోంది. ఉద్యోగం వచ్చేదాకా అని మొదలైన పని అది. అలా మొదలెట్టి చెయ్యి తిరిగాక ఇక లేవనివాళ్లు మా గల్లీలో ఇంటికొకరున్నారు.

"ఇంకొక్కపారి పోయి చూడు. గప్పుడు గూడ గాకపోతే మనసు గట్టి చేసుకోని కూసో. మాటిమాటికి పోయి మొఖం చిన్నగ చేసుకోని అస్తే నేను చూడలేను" అంది అమ్మ.

అంటే మిగిలింది ఒక్క అవకాశం. నాకు భయం వేసింది, దానికన్నా ఎక్కువ పట్టుదల వచ్చింది. ఆ ఎరుపు ఎక్కడిదో తెలుసుకోకుండా జిగురు సీసా ముట్టుకునేది లేదనుకున్నాను. అనుకున్నానే కానీ పగలు సగం చీరలకే పోయేది.

ఫోన్లో వీడియోలు చూశాను. బ్యాండ్లంటే ఒకాయన మెట్లని, ఒకాయన రెండంతస్తుల ఇల్లని, ఇంకొకాయన బైకులు పెట్టే చోటని చెప్పాడు. ఎలక్ట్రాన్ కింది అంతస్తులో ఉంటుందట, బలం అందితే పై అంతస్తుకు పోతుందట, మధ్యలో ఆగదట. ఎందుకాగదు? మా మేడమెట్ల మీద నేను రోజూ మధ్యలో ఆగి పక్కింటివాళ్లతో మాట్లాడతాను. ఉపమానం చెప్పేవాడికి అర్థమైనట్టుంటుంది, వినేవాడికి ఇల్లూ మెట్లూ మిగులుతాయి. విసుగొచ్చి ఫోన్ పక్కన పడేశాను.

ఉధ్నాలో ఎలక్ట్రానిక్స్ సామాను దుకాణానికి పోయి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం ఎల్ఈడీలు తలా కొన్ని అడిగాను, అన్నీ తేట బుడ్డీలవే. "బెన్, చూస్తే ఏది ఏదో తెలీదు, కలిసిపోతే నన్నడగొద్దు" అన్నాడు దుకాణం ఆయన. బెన్ అంటే వాళ్ల భాషలో అక్క. నాకు కావలసింది సరిగ్గా అదే.

ఆదివారం బాపు ఇంట్లో ఉన్నాడు. ఎర్రది వెలిగించి చూపించాను. తీగ తీసేస్తే మళ్లీ తేట. ఆయన దాన్ని వేళ్లమధ్య తిప్పి తిప్పి చూశాడు.

"రంగు లేనిదే రంగెట్ల అస్తదే? ఏడనో ఉంటది."

"ఏడ లేదు బాపూ."

"నువ్వాగు జర."

మిల్లులో రంగు సరిగా పట్టిందో లేదో చూడటానికి ఒక పద్ధతి ఉంది. తెల్లగుడ్డ ముక్క తడిపి, రంగేసిన బట్టమీద గట్టిగా రుద్దుతారు. గుడ్డకు మరక అంటితే రంగు దిగుతున్నట్టు. బాపు తెల్లగుడ్డ తడిపి తెచ్చి, గింజంత ఎల్ఈడీని నేలమీద అదిమిపట్టి రుద్దడం మొదలుపెట్టాడు. పొడిగుడ్డతో రుద్దాడు. సబ్బునీళ్లలో ముంచి రుద్దాడు. అమ్మ నవ్వి నవ్వి రాళ్ల డబ్బా ఒలకబోసుకుంది. గుడ్డ తెల్లగానే ఉంది. చివరికి బ్లేడు తెచ్చి బుడ్డిని చెక్కితే, లోపల నలుసంత బూడిదరంగు ముక్క కనబడింది.

"గిదేనా?"

"గదే."

"ఇది ఎరుపు గాదు గద!"

"నేను గదే చెప్తున్న."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషి మా బాపు. వెలిగినప్పుడు పుట్టి ఆరినప్పుడు పోయే రంగును ఆయన రంగని ఒప్పుకోలేదు. "గట్ల పోయే రంగేస్తే మా రంగుల మాస్టరు నన్ను గేటు బయట నిలవెడ్తడు" అని గుడ్డ ఉతికి ఆరేసి పోయాడు. నాకు మాత్రం ఆ బూడిద నలుసు కళ్లలోంచి పోలేదు. రంగు పూసింది కాదు, కలిపింది కాదు. అయితే ఆ పదార్థం స్వభావంలోనే ఉండాలి.

మూడు బ్యాటరీ సెల్స్, ఒక రెసిస్టరు, తిప్పేకొద్దీ వోల్టేజీ పెరిగే ఒక నాబ్ కలిపి సర్క్యూట్ కట్టాను. తొందరలో మొదటి ఎల్ఈడీని రెసిస్టరు లేకుండా తగిలించి కాల్చేశాను. రెండోసారి నెమ్మదిగా తిప్పాను. ఎర్రది అన్నిటికన్నా తక్కువ వోల్టేజీకే వెలిగింది. పసుపుకు కొంచెం ఎక్కువ కావలసి వచ్చింది. ఆకుపచ్చకు ఇంకా ఎక్కువ. నీలం చివరిదాకా బిగుసుకుని కూర్చుని అప్పుడు వెలిగింది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం. ఇంద్రధనుస్సులో ఉండే వరస! నాలుగింటినీ కలిపేసి, కళ్లు మూసుకుని తీసి మళ్లీ చేశాను. అదే వరస వచ్చింది. 

అప్పుడు పుస్తకం తెరిస్తే అదే పేజీ వేరేగా కనిపించింది. పైకెక్కిన ఎలక్ట్రాన్ కిందికి పడుతుంది. పడినప్పుడు ఎంత శక్తి వదులుతుందో అంత శక్తి గల వెలుగు బయటికొస్తుంది. రెండు బ్యాండ్ల మధ్య గ్యాప్ చిన్నదైతే ఎరుపు, పెద్దదైతే నీలం. బాపు తడిగుడ్డతో వెతికిన ఎరుపు ఆ గ్యాప్ కొలతే. దాన్ని రుద్ది ఎవరు దింపగలరు?

కానీ నా మొదటి ప్రశ్న అలాగే ఉంది. మధ్యలో ఎందుకాగదు? దీనికోసం నన్ను నేనే చాలా విసిగించుకున్నాను. ఎల్ఈడీ మీద వెలుగు పడితే అది తిరిగి కాస్త వోల్టేజీ ఇస్తుందని ఎక్కడో చదివి, దారం చుట్టే అట్టగొట్టం ఒకటి తీసుకుని రెండు కొసల్లో రెండు ఎల్ఈడీలు ఎదురెదురుగా పెట్టి, బయటి వెలుగు రాకుండా నల్లగుడ్డ చుట్టాను. నీలాన్ని వెలిగించి ఎర్రదానికి వోల్టేజీ కొలిచే మీటరు పెడితే అంకెలు లేచాయి. తిరగేశాను. ఎర్రదాన్ని వెలిగించి నీలానికి మీటరు పెట్టాను. సున్నా. తీగ ఊడిందేమోనని చూశాను, ఊడలేదు. వెలుగు చాలలేదేమోనని ఇంకో ఎర్రది కలిపాను. నా దగ్గరున్న ఎర్రవన్నీ ఒకే గొట్టంలో కుక్కాను. లోపల నిప్పుల పొయ్యిలా ఎర్రగా ఉంది, మీటరు కదల్లేదు.

పుస్తకంలో వెలుగు గురించి రాసింది మళ్లీ చదివాను. ఎరుపు వెలుగు చిన్న చిన్న ముక్కలుగా వస్తుంది. ఒక్కో ముక్క శక్తి నీలం గ్యాప్ దాటడానికి చాలదు. మొదటి ముక్కతో సగం ఎక్కి, అక్కడ నిలబడి, రెండో ముక్క అందుకుందామంటే అక్కడ నిలబడే చోటే లేదు. ఇదీ దాని అర్థం! ఎవరో వద్దని కంచె కట్టలేదు. కోటానుకోట్ల అణువులు దగ్గర దగ్గరగా చేరినప్పుడు ఎలక్ట్రాన్లకు ఉండగలిగే శక్తులు కొన్ని పట్టీలుగా, అంటే బ్యాండ్లుగా ఏర్పడ్డాయి, మధ్యలో ఏ శక్తీ లేదు, అంతే. రాగిలో ఆ ఖాళీ అడ్డు రాదు కాబట్టి కరెంటు ఊరికే పారుతుంది. గాజులో మరీ పెద్దది కాబట్టి పారదు. సెమీకండక్టర్లో దాటించగలిగినంత ఉంటుంది. "అర్థమైంది!" అని గట్టిగా అరిచాను. "ఏందే, షాకు కొట్టిందా?" అని అమ్మ పరిగెత్తుకొచ్చింది.

రెండోసారి పిలుపు వచ్చింది. అదే ఇంజనీరు, అదే బల్ల. ఈసారి ఎల్ఈడీ లేదు. సిలికాన్ సెల్ ఒకటి నా ముందు పెట్టింది. "సిలికాన్ గ్యాప్ ఎరుపు వెలుగు శక్తి కన్నా చిన్నది. ఇంకా చిన్న గ్యాప్ ఉన్న పదార్థం వాడితే ఎండలో ఇంకా ఎక్కువ వెలుగును పట్టుకోవచ్చు కదా. ఎందుకు వాడం?" అని అడిగింది.

ఇది నేను చదవలేదు. చదివినవి ఏవో నాలుకమీదికి వచ్చాయి, పళ్లు బిగించి మింగేశాను. "ఆలోచించుకోవచ్చా మేడం?" అన్నాను. ఆవిడ తలూపి కాగితాలు చూసుకుంటూ కూర్చుంది. నేను నా గొట్టాన్ని, నాబ్‌ను మనసులో తిప్పుకుంటూ కూర్చున్నాను.

"ఎర్ర ఎల్ఈడీ తక్కువ వోల్టేజీకి వెలిగింది, నీలం ఎక్కువకు వెలిగింది. తిరిగిచ్చేటప్పుడు కూడా చిన్న గ్యాప్ తక్కువ వోల్టేజీయే ఇస్తుంది. ఎలక్ట్రాన్లు ఎక్కువ లేస్తాయి, కానీ ఒక్కోటి తెచ్చేది తగ్గిపోతుంది" అన్నాను.

"మరి నీలం వెలుగులో, గ్యాప్ దాటించాక మిగిలిన శక్తి?"

"అది తెలీదు మేడం. ఊరికే అయితే పోదు. సెల్ వేడెక్కుతుందా?"

"వేడెక్కుతుంది. పోయినసారి నీకిదేమీ తెలీదుగా, ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. కొలిచి చూశాను." ఆ మాట అన్నప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆవిడ సోమవారం నుంచి ట్రైనింగుకు రమ్మంది.

ఉధ్నాలో బస్సు దిగి షేర్ ఆటోలో బమ్రోలి వస్తూ, అమ్మకు ఎలా చెప్పాలా అని దారంతా మాటలు కూర్చుకున్నాను. ఇంట్లో అమ్మ ఎప్పటిలా చీర పరుచుకుని వంగి కూర్చుంది. పక్కన ఎప్పుడూ రెండు మూటలుండే చోట ఒక్కటే ఉంది.

"నా మూటేది?" అన్నాను.

"వాపస్ పంపిన. ఇగ నీ వంతువి తేవద్దన్న."

"ఎప్పుడు?"

"పొద్దుగాల, నువ్వు ఆటో ఎక్కంగనే."

"నౌకరి రాకపోతే?"

"రాకపోతే మల్ల పోదువు. ఇంకొక్కపారి అన్నది నీ దుఃఖం చూడలేక. ఆ పొద్దు అర్థమైందని నువ్వు ఒర్లినప్పుడే నాకు ఎర్కయింది, నువ్వు గీడ కూసునే పిల్లవు గాదని."

దారంతా కూర్చుకున్న మాటలు పక్కనపెట్టి, ఆ ఖాళీ చోట్లో కూర్చున్నాను. అమ్మ వేళ్లకంటిన జిగురు గీక్కుంటూ, అప్పుడు తలెత్తి నా మొహం చూసింది.

"ఇగ చెప్పు, నౌకరి అచ్చిందా?"