కంప్యూటర్‌లో పలుగురాతి పొడి

దయ్యాలు, గాలి సోకడం, చేతబడి, వీటిలో దేన్నీ నేను ఏనాడూ నమ్మలేదు. ముప్పై రెండేళ్ళు బడిపిల్లలకు లెక్కలు చెప్పాను. మా వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా, తాయెత్తు సంగతి తర్వాత, ముందు దవాఖానకు నడవండని పోట్లాడిన మనిషిని. ఎనభై దాటిన వయసులో ఇది రాస్తున్నానని మతి తప్పిందనుకోవద్దు. జరిగింది జరిగిన వరుసలో చెబుతాను. నా ఊహ ఎక్కడ ఉందో అక్కడ ఊహ అనే చెబుతాను.

మా తమ్ముడి పేరు యాదగిరి. నాకంటే పన్నెండేళ్ళు చిన్న. నా భర్త పెళ్ళైన నాలుగో ఏట పోయాడు. తమ్ముడి భార్య కాన్పులో పోయింది, బిడ్డా దక్కలేదు. అలా నల్లగొండలో రెండు గదుల ఇంట్లో నేను, సెలవు దొరికినప్పుడు అతను.

1985 నుంచి అతను మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక పలుగురాళ్ళ మిల్లులో పనిచేశాడు. తెల్లని రాయిని పిండిలా ఆడించి సంచులకెత్తే పని. ఉక్కు కరిగించే కొలిములకు ఆ పొడితో లోపల పూత పూస్తారట. ఇంటికి వచ్చినప్పుడు రెండుసార్లు స్నానం చేసినా చెవుల వెనక తెల్లగానే ఉండేది.

1993లో మిల్లు ఆఫీసుకు ఒక కంప్యూటర్ కొన్నారు. దాన్ని ఏసీ గదిలో పెట్టారు. చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి. లోపల దుమ్ము పేరుకుంటే గాలి ఆడక, వేడెక్కి, పని ఆపేస్తుందని మేనేజరుకు భయం. శనివారం శనివారం దాని డబ్బా విప్పి బ్రష్షుతో దులిపే పని తమ్ముడికి అప్పజెప్పాడు. ఆ సంగతి నాకు చెప్పి నవ్వాడు.

"దానికి దుమ్ము పడదట అక్కా. పట్నం నుంచి వచ్చిన దొర. వారానికోసారి నేనే తానం జేపిస్త."

"మరి నీ ముక్కుకు గుడ్డ కట్టుకుంటున్నవా రా?"

"గుడ్డ కడితే మా మేనేజర్ నన్ను గుర్తువట్టడు. హాజరు ఎయ్యడు."

1995లో దగ్గు మొదలైంది. టీబీ అన్నారు. ఏడాది పాటు మందులు పొట్లాలు కట్టి పంపి, ఒక్క రోజు తప్పకుండా మింగేలా చూశాను. దగ్గు తగ్గలేదు, మెట్లెక్కితే ఆయాసం కూడా వచ్చింది. 1996లో మిల్లు మూతపడింది. ఆగిపోయిన జీతాల కింద పనివాళ్ళు చేతికందిన సామాను తెచ్చుకున్నారు. ఒకరు బీరువా, ఒకరు ఫ్యాన్లు. మా వాడు కంప్యూటర్ తెచ్చాడు. నేను అప్పుడే రిటైరయ్యాను.

"ప్రైవేటు బడులకు పరీక్ష పేపర్లు టైపు జెయ్యి. నీ చేతిరాత పోరగాళ్ళకు సమజ్ అయితలేదు," అన్నాడు.

నేర్చుకున్నాను. 1997 జనవరి నాటికి బడులవాళ్ళు పేపర్లు తెచ్చి ఇవ్వసాగారు. అయితే ఆ కంప్యూటర్ అరగంట నడిస్తే బిగుసుకుపోయేది. డబ్బా మీద చెయ్యి పెడితే కాలేది. తమ్ముడు మంచం మీద కూర్చుని చెబుతుంటే నేను విప్పాను. ముందు ప్లగ్గు పీకాలి. వెనక మరలు తీసి రేకు జరపాలి. ఒంటికి పట్టే చిన్న కరెంటు దిగిపోవడానికి ఇనుప చట్రాన్ని ఒకసారి ముట్టుకుని, తర్వాతే లోపల చెయ్యి పెట్టాలి. చిన్న పంకాను వేలితో ఆపి పట్టుకుని, రెక్కల మీద బ్రష్షుతో దులపాలి.

"ఆ మర కాదక్కా, పక్కది. లెక్కల టీచరువు, ఎడమ కుడి తెల్వది."

లోపల వేలెడు మందాన తెల్లని పొడి ఉంది. ఇందులో వింతేమీ లేదు. మిల్లు నుంచి వచ్చిన సామాను. దులిపాను, రెండు వారాలు బాగా నడిచింది.

మళ్ళీ బిగుసుకుపోయింది. విప్పితే మళ్ళీ తెల్లని పొడి, ఈసారి తక్కువ. నేను సరిగ్గా దులపలేదనుకుని క్లాక్ టవర్ దగ్గర దుకాణం ఉన్న ఖలీల్‌ను పిలిచాను. అతను రేడియోలు, టీవీలతో పాటు కంప్యూటర్లు కూడా బాగుచేసేవాడు. ప్రతి ముక్కా విడదీసి, బ్లోయర్‌తో గాలి కొట్టి, చట్రాన్ని తడిగుడ్డతో తుడిచి బిగించాడు. నేను దీపం పట్టుకుని మూలమూలా చూశాను. గింజంత పొడి లేదు.

వారం తర్వాత నేనే విప్పాను. ఉంది.

ఖలీల్ మళ్ళీ వచ్చి చూసి, కొంచెం పొడిని వేళ్ళ మధ్య నలిపాడు. "మేడం, పక్కింట్ల పిండిగిర్ని ఏమన్న ఉన్నదా?" అని అడిగాడు.

లేదు. మా వీధిలో ఎగిరేది ఎర్రమట్టి. కిటికీ చువ్వల మీద, టీవీ మీద ఉన్నది ఎర్ర దుమ్మే. ఈ పొడి తెల్లన, ఎండలో పెడితే మెరిసేది. నీళ్ళల్లో కరగలేదు. సీసా పెంకు మీద రుద్దితే గీతలు పడ్డాయి. పిండి గాజును గీయదు, సున్నమూ గీయదు. పలుగురాయి గీస్తుంది. ఇది ఆరో తరగతి పిల్లలకు చెప్పే పాఠం.

తమ్ముడి మిల్లు బట్టలు, ట్రంకుపెట్టెతో సహా తీసుకెళ్ళి పాత సామాను వాడికి ఇచ్చేశాను. పరుపు మార్చాను. గోడలకు సున్నం కొట్టించే పని ఉంటే అదీ ఆపాను, తర్వాత దాని మీద అనుమానం రాకూడదని. కంప్యూటర్‌ను ఖలీల్ దుకాణంలో రెండు వారాలు ఉంచి రోజంతా నడపమన్నాను. విప్పి చూస్తే బజారు దుమ్ము, నల్లగా, నూగులా. దాన్ని గాజు మీద రుద్దాను, గీత పడలేదు. తిరిగి ఇంటికి తెచ్చి ముందు గదిలో పెట్టాను, వేలికి అంటుకునేంతే తెల్లపొడి వచ్చింది. తమ్ముడి గదిలో పెట్టాను, వారానికి చిటికెడు వచ్చింది.

చిటికెడు పొడిని కాగితంలో పొట్లం కట్టి, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని హైదరాబాద్‌లో ఊపిరితిత్తుల డాక్టర్‌కు చూపించాను. ఆయన కొత్తగా ఎక్స్‌రే తీయించి, ఇది టీబీ కాదన్నాడు. ఊపిరితిత్తుల నిండా రాతిపొడి ఉందని, అది లోపల గట్టిపడిపోయిందని చెప్పాడు. పొట్లం విప్పి చూపితే తల అడ్డంగా ఊపాడు.

"దగ్గుతో గాని, శ్వాసతో గాని ఇట్లా బయటికి రాదమ్మా. లోపలికి పోయింది పోయినట్టే. దీనికి మందు లేదు. ఇంటికి తీసుకెళ్ళండి, బాగా చూసుకోండి."

తిరుగు బస్సులో తమ్ముడు కిటికీ పక్కన కూర్చున్నాడు. చౌటుప్పల్ దాటాక నా వైపు తిరిగాడు. "డాక్టర్ బయటికి రాదన్నడు. మన డబ్బల మాత్రం వస్తుంది. ఇద్దరిట్ల ఎవలో ఒకరు అబద్ధం చెప్తున్నరు."

ఇక్కడి నుంచి నేను చేసినదాన్ని చదివి నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు. కంప్యూటర్ వెనక ఉన్న పంకా లోపలి గాలిని బయటికి తోస్తుంది. ముందున్న సందుల్లోంచి గదిలోని గాలి లోపలికి పోతుంది. ఆ గాలిలోని దుమ్ము లోపల పేరుకుంటుంది. నేను కంప్యూటర్‌ను ముక్కాలి పీట మీద, సందులు తమ్ముడి దిండు వైపు ఉండేలా పెట్టాను. టైపు చేసే పని లేకపోయినా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నడిపాను. అతని నుంచి వస్తున్నది ఏదైనా సరే, వస్తున్నది కదా. వచ్చినంత రానీ అనుకున్నాను. డాక్టర్ చేతులెత్తేశాక నా చేతిలో మిగిలింది ఆ పంకా ఒక్కటే.

ఒక ఆదివారం మంచం పక్కన కూర్చుని లెక్క వేశాను. పదకొండేళ్ళు, ఏడాదికి మూడు వందల పనిరోజులు. రోజుకు తక్కువలో తక్కువ ఒక్క చిటికెడు లోపలికి పోయిందనుకుందాం. వారానికోసారి డబ్బా విప్పి దులిపితే ఒక్క చిటికెడు బయటికి వస్తోంది. మొత్తం రావడానికి అరవై మూడేళ్ళు పడుతుంది.

తమ్ముడు ఆ కాగితం అడిగి తీసుకుని చూశాడు. అతనికి అప్పుడు నలభై ఏడు.

"అంటే నూట పదో ఏట నా రొమ్ము సాఫ్ అయితది. మంచిదే అక్కా, పెండ్లిసంబంధం చూడు."

"ముచ్చట్లు బంద్ చెయ్. రోజూ దులిపితే తొమ్మిదేండ్లే పడుతది."

"రోజు దులిపితే రోజు చిటికెడు వస్తదా?"

మర్నాటి నుంచి రోజూ దులిపాను. వచ్చింది. వారానికి వచ్చినంతే రోజుకూ వచ్చింది.

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో అతను కొంచెం తేరుకున్నాడు. ఇది నా ఊహ కాదు, పక్కింటివాళ్ళు కూడా అన్నారు. గేటు దాకా నడిచి, గోడ పట్టుకుని నిలబడి, కూరగాయల బండివాడితో బేరమాడాడు. రెండు జొన్నరొట్టెలు తిన్నాడు. నేను బడులకు ఒప్పుకున్న పనంతా వాపసు ఇచ్చేశాను. ఆ కంప్యూటర్‌కు వేరే పని పెట్టదలచుకోలేదు.

దసరా తర్వాత ఆయాసం తిరగబెట్టింది. నేను దులపడం మానలేదు. పొడి రావడమూ మానలేదు. ఎక్కువ రాదు, తక్కువ రాదు. కనీసం తగ్గితే, లోపల అయిపోతోందనుకునేదాన్ని. ఆ చిటికెడు అలాగే ఉంది, అతను మాత్రం తరిగిపోతున్నాడు. సంక్రాంతి నాటికి వెల్లకిలా పడుకోలేకపోయాడు. ఒళ్ళో రెండు దిండ్లు పెట్టుకుని, వాటి మీదికి వంగి, కూర్చునే నిద్రపోయేవాడు. భుజాలతో గాలి పీల్చేవాడు. ఒక మాట అనడానికి మూడుసార్లు ఆగేవాడు. అయినా నేను డబ్బా విప్పేటప్పుడు తలెత్తి చూసేవాడు. ఎంత వచ్చిందో వేళ్ళతో చూపమనేవాడు. నేను చూపేదాన్ని.

1998 ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం, నేను గ్లాసులో జావ తీసుకుని గదిలోకి వచ్చేసరికి అతను కంప్యూటర్ వైపు చూస్తున్నాడు. ఎండ వల్ల అది కూడా బాగా వేడెక్కి ఉంది. పంకా గీరుతూ తిరుగుతోంది.

"బంద్ జెయ్యక్కా," అన్నాడు. "అది గూడ అలిసిపోయింది."

"జావ తాగు ముందు," అన్నాను.

రెండు చెంచాలు తాగాడు. అంతలో కరెంటు పోయి పంకా ఆగింది. గదిలో అతని ఊపిరి చప్పుడు ఒక్కటే మిగిలింది. నేను విసనకర్ర తీసుకుని విసురుతూ కూర్చున్నాను. కరెంటు తిరిగి వచ్చేసరికి ఆ చప్పుడు కూడా లేదు.

కంప్యూటర్ ప్లగ్గు నేనే పీకాను. పొద్దున్నే దులిపిన డబ్బా మీద ప్లాస్టిక్ కవరు కప్పి, వచ్చే పోయే జనం ఉంటారని ఆ గదికి తాళం వేశాను. తాళంచెవి నా కొంగుకే ఉంది. దినాలన్నీ ముందు గదిలోనే జరిపించాం. అవి అయ్యాక ఖలీల్‌కు కబురు పెట్టాను, ఎంతకైనా సరే, దాన్ని తీసుకుపొమ్మని.

పదమూడో రోజు పొద్దున వచ్చాడు. తాళం తీశాను. కవరు మీద పలచగా ఎర్రదుమ్ము, దాని మీద ఎవరి వేలిగుర్తూ లేదు. అతను డబ్బా కింద రెండు చేతులూ పెట్టి ఎత్తబోయి, ఆగి, మళ్ళీ ప్రయత్నించాడు.

"ఇంత బరువేంది మేడం? లోపట ఏమన్న పెట్టిన్రా?"

పీట మీదే ఉంచి మరలు తీశాడు. రేకు జరగలేదు. కాలు తన్నిపెట్టి లాగాడు. రేకు ఊడి వచ్చింది, దానితో పాటే తెల్లని పొడి పీట మీదికి, అక్కడి నుంచి నేల మీదికి జారింది. జారుతూనే ఉంది. అతని పాదాలు మునిగాయి. చట్రంలో మిగిలింది పెట్టె ఆకారంలో గట్టిగా నిలబడి ఉంది. పంకా రెక్కలు, తీగలు, అన్నీ అందులో పూడుకుపోయి ఉన్నాయి.

ఖలీల్ వెనక్కి అడుగేసి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చేతిలో ఊడి వచ్చిన రేకు అలాగే ఉంది.

"ఎక్కడిది మేడం ఇదంత?"

నేను సీసా పెంకు తెచ్చి రుద్దాను. గీత పడింది.

అతను కంప్యూటర్ తీసుకోలేదు. అయినా నన్ను ఒంటరిగా వదిలి వెళ్ళలేదు. ఇద్దరం కలిసి ఆ పొడిని గోనెసంచిలోకి ఎత్తాం. అతను రిక్షా మాట్లాడి ఊరి బయటికి తీసుకెళ్ళాడు, ఎక్కడ పోశాడో నేను అడగలేదు. ఖలీల్ ఇప్పుడు లేడు. ఉన్నన్నాళ్ళూ ఈ సంగతి ఎవరైనా అడిగితే అవునని ఒప్పుకునేవాడు, వివరం మాత్రం చెప్పేవాడు కాదు.

తర్వాత చాలామందిని అడిగాను. ఎవరో కావాలని పోశారన్నారు కొందరు. తాళంచెవి నా దగ్గరే ఉంది, మరలు బిగించే ఉన్నాయి. పాత పొడి లోపల దాగి ఉందన్నారు ఇంకొందరు. రోజూ విప్పి దులిపిన డబ్బాలో గోనెసంచి పొడి ఎక్కడ దాగుతుంది? మరొకామె, తమ్ముడి ఆత్మ అంది. ఆమెతో మాట్లాడడం మానేశాను.

నేను వేసిన లెక్క ప్రకారం అది తొమ్మిదేళ్ళ పని. ప్లగ్గు పీకిన కంప్యూటర్‌లో, పంకా ఒక్క చుట్టూ తిరగకుండా, పన్నెండు రోజుల్లో అయిపోయింది. ఎలా వచ్చిందో నాకు తెలియదు. అంత సులువుగా రాగలిగింది, దిండ్ల మీదికి వంగి అతను ఒక్క ఊపిరి కోసం పాకులాడుతున్నప్పుడు ఎందుకు రాలేదో అసలే తెలియదు.