పదిహేను నిమిషాల్లో పట్టనివాడు

మేము తీసిన చిన్న సినిమా మొదటి నిడివి ఇరవై ఆరు నిమిషాలు. పదిమందికీ చూపించినది పదిహేను నిమిషాలకు కొన్ని సెకన్లు తక్కువ. ఆ మధ్యలో పోయిన భాగం గురించే ఇది రాస్తున్నాను.

మేము ముగ్గురం. కర్నూలులో పెళ్లి వీడియోలు తీసే మిత్రుడు ఒకడు. కడప నుంచి మైదుకూరు పోయే దారిలో ఒక పల్లెలో ఉంటూ సరుకులు తోలే ట్రాలీ బండి నడుపుకునే మిత్రుడు ఒకడు. కడపలో ఒక కార్యాలయంలో లెక్కలు చూసే నేను మూడోవాణ్ణి. డిగ్రీ మూడేళ్లూ ఒకే బెంచీ మీద కూర్చున్నాము. నలభై ఎనిమిదో ఏట, పిల్లల చదువులు ఒక దారిన పడ్డాక, వీడియో మిత్రుడికి తన సొంత కథ ఒకటి తీయాలని పుట్టింది. మిగిలిన ఇద్దరమూ కాదనలేదు.

కథ చిన్నది. నడివయసు మనిషి ఒకడు, ఒంటిమిట్ట గుడి వీధిలో కొబ్బరికాయలు, పూలు అమ్మే ఒక ఒంటరి స్త్రీకి తన మనసు చెప్పాలనుకుంటాడు. సొంత బండి లేదు. ప్రతి వారమూ అతని స్నేహితుడు తన ట్రాలీ బండిలో తీసుకొని వెళ్తాడు, దూరంగా చింతచెట్టు కింద ఆపుకొని ఎదురు చూస్తాడు. ప్రేమికుడు పోతాడు, కొబ్బరికాయ కొంటాడు, ఏమీ చెప్పకుండా తిరిగి వస్తాడు. "చెప్పినావా?" "లేదు." "సరే, ఎక్కు." చివరి వారం చెప్తాడు, ఆమె ఒప్పుకుంటుంది. బండిలో డ్రైవరు పక్కన ఒక్కరికే చోటు. స్నేహితుడు తాళంచెవి వాడి చేతిలో పెట్టి, తాను బస్సు కోసం రోడ్డు మీద నిలబడతాడు.

ప్రేమికుడి వేషానికి నాటకాలాడే ఒక ఉపాధ్యాయుణ్ణి, ఆమె వేషానికి రాజంపేటలో ఒక ప్రైవేటు బడి పంతులమ్మను ఒప్పించుకున్నాము. స్నేహితుడి వేషం మా బండి మిత్రుడిదే. బండి వాడిది, ఎదురుచూపూ వాడిదే. కాలేజీ రోజుల్లో మేమిద్దరం ఎక్కడికి పోయినా, తన సైకిలుతో గేటు దగ్గర నిలబడి ఉండేది వాడే.

నాకు ఇరవై రెండేళ్లుగా డైరీ రాసే అలవాటు ఉంది. వారం, ఎండ, ఖర్చు, ఎవరు వచ్చారు, ఎప్పుడు వెళ్లారు. అందువల్ల సినిమాలో నాకూ ఒక పని దొరికింది. ఒక దృశ్యాన్ని ఈ ఆదివారం సగం, వచ్చే ఆదివారం సగం తీసినప్పుడు చొక్కా గుండీలు, చేతి గడియారం, తువ్వాలు వేసుకున్న భుజం రెండు సార్లూ ఒకేలా ఉండేటట్టు చూడటం నా బాధ్యత.

"ఏమప్పా లెక్కల సారూ, నా తువ్వాల యా భుజం మీద ఉండాదో రాసుకున్యావా?" అని బండి మిత్రుడు నన్ను ఆట పట్టించేవాడు.

"కుడి భుజం."

"ఈ వారం ఎడమ పక్క ఏసుకుంటా. నువ్వు తప్ప యా నా కొడుకు కనుక్కుంటాడో సూద్దాం."

చిత్రీకరణ ఆదివారాలే. అందులోనూ మధ్యాహ్నం దాటాకే. మా బండి మిత్రుడి కుటుంబంవాళ్లు మూడు తరాలుగా వాళ్ల ఊరి చర్చికి పోయేవాళ్లు. ఆదివారం పొద్దుటి ఆరాధనలో పాటలు ఎత్తుకునేది వాడే. కర్నూలువాడికి పొద్దుటి వెలుతురు కావాలి.

"ఒక్క వారం ఎగ్గొడితే ఏం పోతాదిరా?"

"నేను ఎగ్గొడితే పాట ఎవురు ఎత్తుకుంటారు? మీ నాయన వస్తాడా?"

ఆ విధంగా మా సినిమా అంతటా సాయంకాలపు ఏటవాలు ఎండ పరుచుకున్నది. తరువాత చూసినవాళ్లందరూ మొదట మెచ్చుకున్నది ఆ వెలుతురునే.

వీడియో మిత్రుడి పనితనం గురించి కూడా చెప్పాలి. పాతికేళ్లలో అతడు తీసిన పెళ్లిళ్లలో, నా మొహం పడలేదని ఒక్క బంధువు కూడా పేచీకి రాలేదు. మేనమామ అలిగి పందిరి వెనక కూర్చున్నా వెతుక్కుంటూ పోయి తీసుకొని వచ్చేవాడు. పెళ్లి వీడియోలో తాళి కట్టడం కాస్త తప్పినా ఓర్చుకుంటారు గానీ మనిషి తప్పితే ఓర్చుకోరని అతని అనుభవం. సినిమా పని మొదలైనప్పుడు అదే అతనికి దిగులు కూడా. "నాకు కత్తిరించడం రాదురా. అందర్నీ ఉంచడమే వచ్చు," అనేవాడు.

మార్చిలో ఒక ఆదివారం చింతచెట్టు దృశ్యం తీశాము. "నువ్వేం చేయాకు. ఎదురుచూస్తా ఉండు, అంతే," అని చెప్పి, కెమెరాను స్టాండు మీద నడుస్తూ ఉండగానే వదిలేసి, మేము అంగడి దగ్గర పంతులమ్మకు మాటలు నేర్పిస్తూ ఉండిపోయాము. వాడు నిజంగానే ఎదురు చూశాడు. అద్దం తుడిచాడు. తువ్వాలు విదిలించి మళ్లీ వేసుకున్నాడు, కుడి భుజం మీదనే. బండి నీడలోకి చేరిన మేకపిల్లను తరమబోయి, ఉండనిచ్చాడు. అంతలో గుడికి వచ్చిన యాత్రికులు, ఒక తల్లీ ఇద్దరు పిల్లలూ, బండి దగ్గరికి వచ్చారు.

"అన్నా, బస్టాండు దాకా వస్తావా?"

"రాలేనమ్మా. మా వాడు ఆడ ఉండాడు. వస్తాడు."

"శానా సేపయిందా పోయి?"

"ఎంత సేపయితే ఏముండాది. వస్తాడు."

అది ఎవరూ రాసిచ్చిన మాట కాదు. ఆ తల్లికి అక్కడ సినిమా తీస్తున్నారన్న సంగతే తెలియదు. ఆ ఒక్క షాటు నిడివి నాలుగు నిమిషాలకు పైనే. ఇరవై ఆరు నిమిషాల ప్రతిని కర్నూలులో మేమిద్దరం కలిసి చూసిన రోజు, అది వచ్చినప్పుడు వీడియో మిత్రుడు వెనక్కి తిప్పి మళ్లీ వేశాడు. బండి మిత్రుడు ఆ రోజు బనగానపల్లె మామిడి తోలుతూ హైదరాబాదు దారిలో ఉన్నాడు. ఫోనులో చెప్పాము. "నేను బాగుండానా?" అన్నాడు. చాలా బాగున్నావని చెప్పాము.

తరువాత ఒక పోటీ సంగతి తెలిసింది. పదిహేను నిమిషాలకు మించకూడదని నిబంధన. వీడియో మిత్రుడు వారం రోజులు గది తలుపు వేసుకొని పని చేశాడు. పంపేశానని మాత్రం నాతో చెప్పాడు.

మే నెలలో మా సినిమాను మొదటిసారి నలుగురిలో వేసింది బండి మిత్రుడి ఊళ్లోనే. ఆలోచన వాడిదే. "మా చర్చి ఆవరణంలో గోడకు వేద్దాం. మా వాళ్లంతా సూస్తారు," అన్నాడు. ఇంటింటికీ పోయి పిలిచాడు. సాయంకాలపు ప్రార్థన ముగిసి చీకటి పడ్డాక ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. సంఘపెద్ద ఒక చిన్న ప్రార్థన చేశాడు. వాడు ఇస్త్రీ చొక్కాతో ముందు వరుసలో, తమ్ముడి కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. పక్కన భార్య. నేను వాళ్ల వెనక వరుస. వీడియో మిత్రుడు ప్రొజెక్టరు దగ్గర.

సినిమా మొదలైంది. అంగడి వచ్చింది, పూలు వచ్చాయి, ప్రేమికుడి తడబాటు వచ్చింది. ఏటవాలు ఎండ గోడంతా నిండింది.

"పెదనాయనా, నువ్వు ఎప్పుడు వస్తావు?" అని ఆ పాప అడిగింది.

"వస్తా, వస్తా. ఇంగా ఉండాది, సూడు."

నేను చింతచెట్టు కోసం చూస్తున్నాను. రాలేదు. కథ అక్కడక్కడ అతుకు వేసి ముందుకు దూకుతోంది. ప్రేమికుడు మనసు చెప్పాడు. ఆమె తల దించుకొని నవ్వింది. ఇద్దరి ముఖాల మీద బొమ్మ ఆగింది. తాళంచెవి ఇచ్చే దృశ్యమూ లేదు. పేర్లు పైకి పోయాయి. ఆవరణలో లైటు వేశారు.

"రాలేదే?" అన్నది పాప.

అందరూ వాడి వైపు తిరిగారు. వాడు ఒక్క క్షణం గోడ వైపే చూశాడు. తరువాత నవ్వాడు. "వచ్చినా గదమ్మా. స్టీరింగు మీద చెయ్యి సూడలేదా? అది నాదే. ఇదో, ఈ ఉంగరం."

"చెయ్యికే ఇన్ని పిలుపులు పిలిచినావా అప్పా!" అని వెనక నుంచి ఒక పెద్దాయన అన్నాడు. ఆవరణంతా నవ్వింది. అందరికంటే గట్టిగా వాడే నవ్వాడు. వాడి భార్య నవ్వలేదు. టీ తెస్తానని లేచి ఇంటికి పోయింది. వాడు కుర్చీలు ఒకదానిలో ఒకటి పేర్చడం మొదలుపెట్టాడు. సాయం చేయబోతే, "మీరు అలిసిపోయుంటారు, కూచోండి," అన్నాడు. పాతికేళ్లకు పైబడిన స్నేహంలో వాడి నోట 'మీరు' వినడం అదే మొదలు. మా ఇద్దరినీ కలిపి అన్నాడేమో అని సర్దుకున్నాను.

కడపకు తిరిగి వస్తూ దారిలో, వాణ్ణి ఎందుకు తీసేశావని వీడియో మిత్రుణ్ణి అడిగాను.

"పదకొండు నిమిషాలు తీసేయాల. ఆయమ్మను తీస్తే కథే లేదు. సారును తీస్తే ప్రేమే లేదు. ఇంక మిగిలింది వాడి భాగమే. చెట్టు దగ్గరికి వచ్చినా. మూడు రోజులు దాన్ని తాకలేదురా. ఆఖరికి, వాడేమీ అనుకోడులే అనిపించింది."

"వాణ్ణి ఒక మాట అడగాల్సింది."

"అడిగితే సరే అంటాడు గదా. ఇంక అడిగేదేంది?"

వాడు నిజంగానే సరే అని ఉండేవాడు. వాడి ఎదురుచూపును మేమిద్దరం కాలేజీ గేటు నుంచీ లెక్కలోకి తీసుకోకుండానే వాడుకున్నాము. ఊరూ పేరూ తెలియని పెళ్లివారి ముఖాలను పాతికేళ్లు జాగ్రత్తగా కాపాడిన మనిషి, పేచీ పెట్టడని నమ్మకమున్న ఒకే ఒక్క ముఖాన్ని తీసేశాడు. పరాయివాళ్ల విషయంలో అయితే అతడికి ఆ ధైర్యం వచ్చేది కాదు.

పోటీలో మా సినిమా మొదటి వడపోతకే నిలవలేదు. దానికి మేము పెద్దగా బాధపడలేదు. బాధపడటానికి అప్పటికే వేరే కారణం ఉన్నది. బండి మిత్రుడు మాతో పోట్లాడలేదు. ఫోను చేస్తే ఎత్తేవాడు, బాగోగులు అడిగేవాడు. "ఈ ఆదివారం వస్తావా?" అంటే, "బాడుగ ఉండాదప్పా," అనేవాడు. ఆదివారం వాడు బాడుగలకు పోడని మాకు తెలుసు. తెలుసునన్న సంగతి వాడికీ తెలుసు.

ఆగస్టులో వీడియో మిత్రుడు తీసేసినవన్నీ తిరిగి కలిపి, చెట్టు దృశ్యాన్ని ఒక్క సెకను కూడా తగ్గించకుండా పెట్టి, పెన్‌డ్రైవులో వేసుకొని వచ్చాడు. ఇద్దరం వాళ్ల ఇంటికి పోయాము. పక్కింటి నుంచి కుర్చీలు తెప్పించాడు. అంతకు ముందు మేము వాళ్ల ఇంట్లో కూర్చునేది అరుగు మీద, లేదా నేల మీద. వాడి భార్య బొరుగుల ఉగ్గాని, బజ్జీలు చేసి పెట్టింది. పెన్‌డ్రైవు తీసుకొని, "తీరిగ్గా సూస్తాంలే," అని బైబిలు పక్కన అలమరలో పెట్టాడు.

పోయిన జనవరిలో వాడి కూతురి పెళ్లి. ఇంటికి వచ్చి పిలిచాడు, శుభలేఖ రెండు చేతులతో ఇచ్చాడు. అంతవరకు వాళ్ల ఇంట్లో ఏ శుభకార్యమైనా తీసింది మా వీడియో మిత్రుడే. ఈసారి రాజంపేట నుంచి వేరే కెమెరామన్‌ను మాట్లాడుకున్నారు. మాకు ముందు వరుసలో కుర్చీలు. భోజనాల దగ్గర వాడే స్వయంగా నిలబడి వడ్డించాడు.

"సినిమా సూసినావారా?" అని వీడియో మిత్రుడు ఉండబట్టలేక అడిగాడు.

వాడు పక్క విస్తరిలో ఒక గరిటె వడ్డించి ఇటు తిరిగాడు. "లేదప్పా."

"అన్నీ మళ్లీ పెట్టినాన్రా. చెట్టు కింద నువ్వు..."

"తెలుసు. సూస్తే బాగుండాదని సంతోషపడాల. మళ్లీ నన్ను పెట్టినారని ఇంకో సంతోషం పడాల. అంత ఓపిక నాకు లేదప్పా." మాట మెత్తగానే ఉంది. "సినిమాలో లేనని గాదు. వాడేమీ అనుకోడులే అనుకున్యావు సూడు, ఆ మాట నీ నోట రాకపోయినా నాకు ఇనబడింది. నేనూ మనిషినే గదా, అనుకుంటా. సరే, ఇంగొంచెం ఏసుకోండి. చల్లగయితే బాగుండదు."

వీడియో మిత్రుడు తల వంచి తిన్నాడు. నేనూ తిన్నాను.

భోజనాలు అయ్యాక చర్చి ముందర ఫోటోలు మొదలయ్యాయి. "పెళ్లికూతురు నాయనా, ఇట్ల రాండి సార్," అని కెమెరామన్ పిలిచాడు. వాడు చేతులు తుడుచుకుంటూ పరుగున పోయి కూతురి పక్కన నిలబడ్డాడు. పడమటి పొద్దు సరిగ్గా వాళ్ల వెనక ఉన్నది.

"ఎండ ఎనక పెట్టినాడు," అన్నాడు వీడియో మిత్రుడు నా పక్కన. "బిడ్డకు ముందర లైటు కొడతాండాడు. మనవాడు పక్కన నల్లగా పడతాడు. మొహమే తెలీదు."

"పోయి చెప్పు," అన్నాను.

అతడు సగం లేచాడు. కుర్చీ అంచు పట్టుకొని అట్లాగే ఉండి, మళ్లీ కూర్చున్నాడు. కెమెరామన్ అందరినీ నవ్వమన్నాడు. అందరూ నవ్వారు.