ఉప్పుగాలిలో వేలాడుతున్న తాళం

బందరు. మార్గశిరం, మొదటి గురువారం.

ఈ సైటు చదివే మీ అందరికీ ఒక కబురు చెప్పవలసి ఉంది. ఇక్కడి వస్తువులన్నిటినీ పరీక్షించిన మెకానిక్‌గారు సోమవారం తెల్లవారకముందే నిద్రలోనే వెళ్లిపోయారు. మూడు రోజులుగా కొత్త పేజీ ఎందుకు రాలేదని ఇద్దరు ముగ్గురు అడిగారు. జవాబు చెప్పవలసింది నేనే కనుక ఇవాళ కూర్చున్నాను. ఆయన తాడు మీద ఒక పరీక్ష సగంలో ఉంది. దాని సంగతి కూడా చివర చెబుతాను.

నాకు ఆ కబురు చెప్పింది ఆయన భార్య. మా ఎదురిల్లే. రోజూ "అక్కయ్యగారూ" అని వీధి సగం వినిపించేలా పిలిచే మనిషి, ఆ పొద్దున గేటు పట్టుకుని "అక్కా" అని మాత్రం అంది. చేతిలో పాలగిన్నె అలాగే కింద పెట్టి వెళ్లాను.

నా గురించి రెండు మాటలు. గుడివాడలో ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పి, ఉద్యోగం అయ్యాక బందరు వచ్చి స్థిరపడ్డాను. ఆయనకు మా వీధి చివర మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే కొట్టు ఉండేది. జేబులో పెన్ను ఉండవలసిన చోట టెస్టరు ఉండేది. గుడికి వెళ్లినా అదే. పనిచేయని మిక్సీని తెస్తే విప్పే ముందు దానికి చెవి ఆనించి వినేవారు. ఆ తరువాత పదిసార్లలో ఎనిమిదిసార్లు ఒకే మాట చెప్పేవారు: "జబ్బు దీనిది కాదండీ, గాలిది."

మన సముద్రపు ఒడ్డున ఉండేవాళ్లకు ఇది చెప్పనక్కరలేదు. కొత్త గ్యాస్ స్టవ్వు రెండో ఏడాదికి కాళ్లు రాలుస్తుంది. బీరువా తలుపు కింద ఎర్రటి పొడి పడుతుంది. ఎక్కడో సముద్రం లేని ఊరివాళ్లు చాలా బాగుందని రాసింది నమ్మి మనం కొంటాం, ఉప్పుగాలి దాన్ని తినేస్తుంది. "ఉప్పుగాలిలో నిలబడే సామాను ఏదో చెప్పేవాడు ఒక్కడూ లేడు టీచరుగారూ" అని ఆయన ఒకరోజు మా అరుగు మీద నిలబడి వాపోయారు. ఆయన ఎప్పుడూ నిలబడే మాట్లాడేవారు. "మీకు రాయడం వచ్చు. మనమే చెబితే?"

నా మనవరాలు కొత్తది కొనుక్కుని నాకు వదిలేసిన పాత ల్యాప్‌టాప్‌తో ఈ సైటు మొదలైంది. దీనికి డబ్బు ఎలా వస్తుందని అడిగాను. ఊరికే చేయడం నాకు అభ్యంతరం కాదు. కానీ ఏ పనికైనా ఖర్చు ఎవరిది, రాబడి ఎవరిది అని ముందే తెలియాలి నాకు.

"రోడ్డు పక్క ఇంటి గోడ మీద ఎరువుల కంపెనీవాళ్లు బొమ్మ వేసుకుని మనకు గోడకి సున్నం కొట్టి పోతారు చూడండి. యాడ్ అంటే అదే" అన్నారు.

"మరి ఈ లింకులేమిటి?"

"ధాన్యం కమీషను లాంటిదేనండీ. మనం చూపించిన దారిన వెళ్లి ఎవరైనా కొంటే కొట్టువాడు మనకింత ఇస్తాడు. కొన్నవాళ్లకి ధర పెరగదు."

"ఈ వయసులో నాకు బ్రోకరు పనా?"

ఆయనకు కోపం రాలేదు. "బ్రోకరు తను చూడని గేదెని కూడా మంచిదంటాడు. మనం పాలు పితికి చూశాకే చెబుదాం."

ఆ ఒక్క మాట మీద ఒప్పుకున్నాను. అందుకే ప్రతి పేజీ మొదట్లో "ఈ లింకు ద్వారా కొంటే మాకు కమీషను వస్తుంది" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అది నా పట్టు. ఆయన పట్టు ఇంకోటి. ఏ వస్తువు గురించైనా ముందు పాతదాన్ని బాగుచేసుకునే పద్ధతి ఉండాలి, కొనే లింకు ఆ తరువాతే. "సగం మంది బాగుచేసుకుని వెళ్లిపోతారు, కొనరు" అని నేనంటే, "వెళ్లనివ్వండి, మళ్లీ మన దగ్గరికే వస్తారు" అనేవారు.

పాలు పితికి చూడడమంటే ఇది. ఆయన మేడ మీద తూర్పు వైపు ఒక నైలాన్ తాడు. కొన్న ప్రతి వస్తువూ, కత్తెర గాని, మడతబందు గాని, పట్టకారు గాని, దాని మీద ముప్ఫై రోజులు వేలాడాలి. వారానికోసారి మంగినపూడి వెళ్లి సీసాలో సముద్రపు నీళ్లు తెచ్చి వాటి మీద చిలకరించేవారు. రోజుకొక గీత చొప్పున పిట్టగోడ మీద సుద్దముక్కతో గీసేవారు. సుద్దముక్కలు నావే, బడి వదిలినా ఇంట్లో డబ్బా ఉంటుంది. ముప్ఫయ్యో గీత పడ్డాకే నేను రాయాలి. నేను "తుప్పు నిరోధక లక్షణాలు కలిగి ఉన్నది" అని రాస్తే, వెనక నిలబడి చదివి, "తుప్పు పట్టదు అని రాయండి, సరిపోతుంది" అనేవారు.

మొదటి డబ్బు చేతికి రావడానికి పదకొండు నెలలు పట్టింది. యాడ్ల కంపెనీ ఒక మొత్తం దాటితే గాని పంపదు. ఆ మధ్యలో ఒకసారి ఖాతానే ఆగిపోయింది. కారణం ఆయన భార్య. గుడివాడలో పుట్టింటివాళ్లింట్లో సీమంతానికి వెళ్లి, వచ్చిన చుట్టాలందరి ఫోన్లూ తీసుకుని, "మావారి సైటండీ, ఆ బొమ్మల మీద నొక్కండి, పుణ్యముంటుంది" అని నొక్కించింది. సొంతవాళ్లు నొక్కితే మోసం కింద లెక్క. నెల రోజులు ఒక్క యాడూ లేదు.

"నువ్వు నొక్కించింది బొమ్మలు కాదే, నా పీక" అన్నారాయన.

"నాకేం తెలుసు? సీమంతంలో గాజులు తొడిగించినట్టే అనుకున్నా" అంది ఆవిడ. ఆయన అన్నం తింటూ తింటూ నవ్వి పొలమారారు.

ఇక నా తప్పు చెబుతాను. మెకానిక్‌గారు ఉండగా ఆ తప్పు మా ఇద్దరిదీ అని రాయించారు. ఇప్పుడు ఉన్నదున్నట్టు రాయవచ్చు.

రెండేళ్ల కిందట ఆయన తాడు నిండిపోయి, ఒక తాళాన్ని మా మేడ మీద బట్టల దండేనికి కట్టాం. గీతలు నేనే గీశాను. ముప్ఫై రోజులకీ తాళం అద్దంలా ఉంది. "తుప్పు పట్టదు" అని రాశాను. బాగానే అమ్ముడుపోయింది. మూడు నెలలకు హంసలదీవి నుంచి ఫోను వచ్చింది. ఎండుచేపల వ్యాపారం చేసే ఆవిడ.

"ఏవండీ, ఆ తాళం గురించి రాసింది మీరేనా? రెండు నెల్లకే బిగుసుకుపోయిందండీ అది. తుఫానొత్తందని మైకులో చెప్పేశారు. వలలు ఒడ్డు మీద షెడ్డులో, నేను బయట. గొళ్లెం పీకించి తెచ్చుకున్నాం. మీ రాత నమ్మినందుకు తలుపు పోయింది."

ఆవిడ షెడ్డు ఎక్కడో అడిగి రాసుకున్నాను. మెకానిక్‌గారిని పిలిచి మా మేడ మీదికి తీసుకెళ్లాను. ఆ తాళం ఇంకా దండెం మీదే మెరుస్తోంది. ఆయన చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"టీచరుగారూ, కొబ్బరినూనె వాసనొస్తోందేంటి?"

"రోజూ తుడిచాను. దుమ్ము పడుతుంటే చూస్తూ ఊరుకోమంటారా?"

"నూనెతోనా?"

"ఒక్క చుక్క. నూనె గుడ్డ లేకుండా ఇనుము తుడుస్తారా ఎవరైనా?"

ఆయన మెట్ల మీద కూలబడిపోయారు. మా ఇంట్లో ఆయన కూర్చోగా నేను చూడడం అదే మొదటిసారి. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "రోజూ తలంటి పోసి పరీక్షకి కూర్చోబెట్టారన్న మాట" అన్నారు. ఆ తరువాత నెమ్మదిగా అన్నారు: "పరీక్ష హాల్లో పిల్ల చెవిలో జవాబు చెప్పినట్టే కదండీ ఇది."

నా ఉద్యోగం అంతటిలో ఏ పిల్లకూ జవాబు చెప్పని మనిషిని నేను. ఇంకెవరు ఆ మాట అన్నా ఊరుకునేదాన్ని కాదు. నిజం కనుక ఊరుకున్నాను.

ఆ పేజీ తీసేద్దామన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "తీసేస్తే తప్పు పోదండీ. కొన్నవాళ్లకి కబురు తెలియకుండా పోతుందంతే." ఎన్ని తాళాలు అమ్ముడుపోయాయో లింకుల కంపెనీ చెబుతుంది గాని ఎవరు కొన్నారో చెప్పదు. కనుక వాళ్లకు కనిపించే చోటు ఆ పేజీ ఒక్కటే. లింకు తీసేసి, పైన ఎర్ర అక్షరాలతో రాశాం: ఈ తాళం గురించి మేం రాసింది తప్పు, ఇది బిగుసుకుపోతుంది, వెంటనే మార్చుకోండి. ఇప్పటికీ ఉంది, చూడవచ్చు.

మరునాడు ఒక ఇత్తడి తాళం, కొత్త గొళ్లెం సంచిలో వేసుకుని ఆయన బయలుదేరారు. నేనూ వెళ్లాను. బస్సులు మారి కోడూరు, అక్కణ్నుంచి ఆటోలో హంసలదీవి. షెడ్డు తలుపుకి ఆయన గొళ్లెం బిగిస్తుంటే ఆ వ్యాపారి ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని నన్ను పైనుంచి కిందికి చూసింది.

"మీరేనా రాసినావిడ? మడత నలగని చీర కట్టుకుని ఉప్పుగాలి గురించి రాశారా?"

"తప్పు రాశాను. అది చెప్పడానికే వచ్చాను" అన్నాను.

ఆవిడ నడుం మీది చేతులు దించి లోపలికి వెళ్లింది. తరువాత ఎండురొయ్యల పొట్లం కట్టి ఇచ్చింది. నేను తిననంటే, "తినపోతే పోనీండి, ఆయనకియ్యండి. పని చేసింది ఆయనేగా" అంది. బస్సులో ఆ వాసనకు ముందు సీటువాళ్లు కూడా వెనక్కి తిరిగి చూశారు. ఆయన పొట్లం ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ, "గాలికి కమీషను ఉండదు టీచరుగారూ, అందుకే దాని మాటే వినాలి" అన్నారు. ఆ తాళం మీద వచ్చిన కమీషనంతా ఆ ప్రయాణానికే పోయింది. పద్దెనిమిది రూపాయలు పైన పడింది. అది నా ఖాతాలో రాసుకున్నాను.

డెబ్బై దాటిన మనిషికి తప్పు దిద్దేవాళ్లు దొరకరు. పిల్లలు భయపడతారు, చుట్టాలు మొహమాటపడతారు. నాకు ఒకరు దొరికారు. నవ్వుతూ దిద్దారు. ఈ సైటు వల్ల నాకు వచ్చిన దానిలో పెద్దది అదేనని ఆయనతో ఎప్పుడూ అనలేదు. అనవలసింది.

ఇప్పుడు తాడు మీద ఉన్న పరీక్ష సంగతి. మూడు వారాల కిందట ఒక తాళాల కంపెనీవాళ్లు మెయిలు పెట్టారు. తమ కొత్త తాళాన్ని నెలాఖరులోగా మొదటి పేజీలో పెడితే రెట్టింపు కమీషను. పరీక్షకు వ్యవధి లేదు. "ముందు వేలాడదీద్దాం" అన్నారు మెకానిక్‌గారు. ఒక తాళం కొని తాడుకి కట్టి గీతలు మొదలుపెట్టారు. పదిహేను గీతలు గీశారు. గడువు ముందే అయిపోతుందని ఇద్దరికీ తెలుసు.

ఇక జరగవలసినవి:

1. సైటు ఆగదు. రాబడి ఇదివరకటిలాగే సగం సగం. ఆయన సగం ఇకనుంచి ఆయన భార్య పేరిట వెళుతుంది.

2. ఆయన చెబుతుండగా నేను రాసుకున్న బాగుచేసే పద్ధతులు ఇంకా పన్నెండు ఉన్నాయి. పెద్దకర్మ అయ్యాక వారానికొకటి పెడతాను. ఆయన మాటలు దిద్దను.

3. కంపెనీకి నిన్ననే జవాబు రాశాను. ముప్ఫై రోజులు నిండాకే రాస్తాం. తుప్పు పడితే పట్టిందనే రాస్తాం. గడువు దాటిపోతే పోనివ్వండి.

4. కబురు తెలిసి హంసలదీవి ఆవిడ ఫోను చేసింది. "ఆయన తాడు ఆపకండి టీచరుగోరూ. నా షెడ్డు కాడ ఇంకోటి కడతా. మా గాలి మీ గాలి కంటే ముదురు" అంది. ఇకమీదట ప్రతి వస్తువూ రెండు తాళ్ల మీదా నెగ్గాలి.

5. ఎదురింటి మేడ మీద ఉన్న తాళాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ముఖ్యంగా నేను. పొద్దున వెళ్లి ఇవాళ్టి గీత గీసి వచ్చాను. పిట్టగోడ మీద పదిహేను గీతలు ఆయనవి, కొంచెం వంకరగా. నాలుగు నావి, నిటారుగా. తాళం మీద ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది, గాలికి అటూ ఇటూ తిరుగుతోంది. చేతులు రెండూ కొంగులో చుట్టుకుని చూస్తూ నిలబడ్డాను. ఇంకా పదకొండు రోజులు.