మాటల్లేని రోజుల్లో మునెమ్మ క్యాన్

2016 వేసవి. పలమనేరు దగ్గర ఒక పాల చిల్లింగ్ సెంటర్‌లో నేను ల్యాబ్ ఇన్‌ఛార్జిని. ఊళ్ల నుంచి వ్యాన్లలో వచ్చే పాలను పరీక్షించి, బాగున్నవాటిని చల్లబరిచి ట్యాంకర్‌కు ఎక్కించడం మా పని. ముందు క్యాన్ మూత తీసి వాసన చూస్తాం. తర్వాత ఆల్కహాల్ టెస్ట్. కాసిన్ని పాలలో అంతే ఆల్కహాల్ కలిపితే విరిగి పలుకులు కట్టకూడదు. కడితే ఆ పాలు వేడికి నిలవవని అనుమానం.

పాలు సేకరించే రూట్లన్నీ సూపర్‌వైజర్ చెంగల్రాయుడి చేతిలో ఉండేవి. మనిషి కష్టజీవి, నోరు మాత్రం పెద్దది. అతను పట్టుబట్టి తెరిపించిన ఒక ఊరి కేంద్రం నుంచి ఆ నెలలో రెండుసార్లు పులిసిన పాలు వచ్చాయి. రెండుసార్లూ వెనక్కి పంపి, కారణం దగ్గర "వ్యాన్ ఆలస్యం" అని రాశాను. జరిగింది అదే. అతనికి అది తన మీద ఫిర్యాదులా కనిపించింది. మేనేజరు గదిలో అందరి ముందూ అనేశాడు:

"ఈయప్పకు పాలతో పని లేదు సార్. పగతో రాస్తాడు. నా రూట్ మూయించాల, అంతే."

ఇంటికి వెళ్లి డైరీలో రెండు పేజీలు నింపాను. ఆఫీసులో ఒక్క మాటా అనలేదు.

ఆ రోజు నుంచి మా ఇద్దరికీ మాటలు బంద్. మా వైపు మాటలు లేనివాళ్లు మూడో మనిషిని మధ్యలో పెట్టుకుని మాట్లాడుకుంటారు. మాకు దొరికింది క్యాన్లు కడిగే కుప్పమ్మ.

"కుప్పమ్మా, మూడో రూట్ బండి వచ్చిందని ఆ సారుకు సెప్పు," అనేవాడు అతను, నాకు బారెడు దూరంలో నిలబడి.

"శాంపిల్ సీసాలు పంపమని ఆయనకు చెప్పమ్మా," అనేవాణ్ని నేను.

"నేనేమన్నా మీ ఇద్దరికీ సెల్లుఫోనా సామీ? నాకు రీచార్జి ఎవురు సేస్తారు?" అనేదామె.

నాకు నేనే ఒక కట్టడి పెట్టుకున్నాను. ఆ ఊరి రూట్ పాలకు మిగతా రూట్లకు చేసే పరీక్షలే చేయాలి. కోపంలో ఒకటి ఎక్కువ చేయాలనిపిస్తుంది, నింద పడుతుందన్న భయంలో ఒకటి తక్కువ. రెండూ వద్దు.

ఒక ఉదయం ఆ ఊరి నుంచి మూడు క్యాన్లు దిగాయి. రెండు బాగున్నాయి. మూడోది ఆల్కహాల్ టెస్ట్‌లో పలుకులు కట్టింది. అలాంటి పాలను 'పులుపు' అని రాసి వెనక్కి పంపడం మా సెంటర్ అలవాటు. ఇంకోసారి పులుపు వస్తే ఆ కేంద్రం మూసేద్దామని మేనేజరు అప్పటికే చెప్పి ఉన్నారు. కేంద్రం నడిపే మునెమ్మకు అదే బతుకుదెరువు. ఆమె దగ్గర పాలు పోసే ఇళ్లకూ దగ్గర్లో మరో కేంద్రం లేదు.

రాసేసి, కుప్పమ్మతో కబురు పంపితే నన్ను తప్పుపట్టేవాళ్లు లేరు. కానీ ఆ పాలలో పుల్ల వాసన లేదు. ఎసిడిటీ, అంటే పులుపు శాతం కొలిచి చూస్తే మామూలుగానే ఉంది. మరి పలుకులు ఎందుకు కట్టినట్టు? నాకు తెలిసేది సీసాలో ఉన్న సంగతి మాత్రమే. ఊళ్లో సంగతి తెలిసిన మనిషి బయట వ్యాన్ దగ్గర నిలబడి ఉన్నాడు.

నేనే బయటికి వెళ్లాను.

"చెంగల్రాయుడు గారూ, ఒక్క నిమిషం ల్యాబ్‌లోకి రండి."

అతను కుప్పమ్మ వైపు చూశాడు.

"నా పక్క ఏం సూస్తావు నాయనా? నోరుండాది కదా, నువ్వే పలుకు," అందామె.

లోపలికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఏముండాది సూసేదానికి? రిజెక్టే కదా. రాసుకో పో."

"ఇంకా రాయలేదు. మీ ముందే చేస్తాను, చూడండి."

టెస్ట్ ట్యూబ్‌లో పాలు పోసి మరిగే నీళ్లలో పెట్టాను. దీన్ని సి.ఓ.బి. టెస్ట్ అంటారు. కాచితే పాలు నిలుస్తాయో లేదో ఇందులో తేలుతుంది. కాసేపటికి గడ్డకట్టాయి. పులిసిన పాలలా నీళ్లు విడలేదు. లేత పసుపుగా, మెత్తగా పేరుకున్నాయి. ట్యూబ్ అతని చేతికిచ్చాను. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇవి పులిసిన పాలు కావప్పా," అన్నాడు కోపం మరిచిపోయి. "జున్ను వాసన."

"నాకూ అదే అనుమానం. ఊళ్లో ఏ ఆవైనా ఈనిందా?"

వెంటనే ఫోన్ తీసి స్పీకర్ పెట్టాడు. "ఏమ్మా మునెమ్మా, ఊర్లో ఎవురి ఆవు ఈనింది?"

"మా ఆడబిడ్డోళ్లది సార్, నిన్న. జున్నుపాలు బిందెతో మా ఇంట్లో పెట్టిపోయినారు. పాలు పోసేదానికి అందురూ ఈడికే వస్తారు కదా, తలా కొంచెం ఇయ్యమని."

"ఆ బిందె ఇప్పుడు యాడుండాది?"

ఆమె పక్కన ఎవరినో అడగడం వినిపించింది. తర్వాత ఒక్కసారిగా కేక. "అయ్యో సార్! మా అత్తకు కండ్లు సరింగా కనపడవు. కేంద్రంలో పోసే పాలే అనుకొని క్యాన్లో కుమ్మరించేసిందంట!"

చెంగల్రాయుడు నవ్వు ఆపుకోలేకపోయాడు. నేనూ అంతే. వీధి వీధంతా తినాల్సిన జున్ను మా గుమ్మంలోకి వచ్చి కూర్చుంది.

నవ్వు అయ్యాక గొంతు తగ్గించాడు. "ఒక్క క్యానే కదప్పా. ట్యాంకులో కలిపేస్తే ఎవురికి తెలుస్తాది?"

"డెయిరీలో పాలు కాచే పాశ్చరైజర్‌కు తెలుస్తుంది. దాని ప్లేట్లకు ఇది అంటుకుంటే అందరి పాలూ ఆగిపోతాయి. క్యాన్ వెనక్కే పోవాలి. కానీ పులుపు అని రాయను. జరిగింది రాస్తాను."

అతను తలూపాడు.

మేనేజరు ఇద్దర్నీ పిలిపించారు. నా రిపోర్టు చదివి అతని వైపు తిరిగారు. "ఇదీ పగతో రాసిందేనా?"

"లేదు సార్. నా కండ్ల ముందరే సేసినాడు. క్యాన్ పోవాల్సిందే. కేంద్రం మూసే పని మాత్రం లేదు," అన్నాడు చెంగల్రాయుడు.

కేంద్రం నిలిచింది. మేం ప్రాణ స్నేహితులమేమీ కాలేదు. అతను క్షమాపణ చెప్పలేదు, నేను ఎదురుచూడలేదు. నేను రిటైరయ్యేదాకా వాదించుకుంటూనే ఉన్నాం, కాకపోతే ఎదురెదురుగా నిలబడి. నాకు అది చాలా హాయిగా ఉండేది.

అంతవరకు, గొడవపడ్డ మనిషిని తిరిగి ఒక మాట అనకపోతే నా మర్యాద నేను నిలుపుకున్నట్టే అనుకునేవాణ్ని. పనిలో అది సగమే. పనికి ఆ మనిషి అవసరమైనప్పుడు ముందుగా వెళ్లి పిలవడం మిగతా సగం. ఆ ఉదయం నేను గది దాటి బయటికి వెళ్లకపోయినా నా పరీక్ష తప్పయ్యేది కాదు. మునెమ్మ బతుకుదెరువు మాత్రం పోయేది.